బరువులెత్తేటప్పుడు రక్షణ సామగ్రి: ముందు బార్‌ని ఆపేవి, ఆ తర్వాతే ఒంటికి కట్టుకునేవి

బరువులెత్తడం మొదలుపెట్టినవాళ్ల చూపు ముందుగా బెల్ట్ మీద పడుతుంది. ఆ తర్వాత గ్లవ్స్, మోకాలి తొడుగులు, మణికట్టు పట్టీలు. ఇవన్నీ ఒంటికి కట్టుకునేవి. కట్టుకుంటే ధైర్యంగా ఉంటుంది కూడా. చిక్కేమిటంటే, 80 కిలోల బార్ ఛాతీ మీదికి దిగి పైకి లేవనని మొండికేసినప్పుడు వీటిలో ఒక్కటీ అక్కరకు రాదు. అప్పుడు ఆదుకునేవి రెండే: సరైన ఎత్తులో బిగించిన ఇనుప రాడ్లు, లేదా తల దగ్గర నిలబడ్డ మనిషి.

అందుకే ఇక్కడ వరుస కాస్త తిరగేశాం. బార్ పడితే పట్టుకునేవి మొదట, ప్లేట్లు జారకుండా ఉంచేవి తర్వాత, ఒంటి మీద వేసుకునేవి ఆ తర్వాత. మొదటి రెండూ మంచి జిమ్‌లో ముందే ఉంటాయి, పైసా ఖర్చు లేదు. వాటిని సరిగ్గా అమర్చుకోవడం నేర్చుకోవడమే మిగిలింది.

స్క్వాట్‌కి రాడ్ల ఎత్తు

స్క్వాట్ అంటే బార్‌ని భుజాల మీద పెట్టుకుని కిందికి దిగి లేవడం. స్క్వాట్ ర్యాక్‌లో రెండు రకాల భాగాలుంటాయి. బార్‌ని మొదట ఉంచే హుక్కులు ఒకటి. బార్ పడిపోతే పట్టుకునే సేఫ్టీ రాడ్లు రెండోది. నాలుగు స్తంభాల ర్యాక్‌లో ఈ రాడ్లు ముందు స్తంభం నుంచి వెనక స్తంభం దాకా ఉంటాయి. రెండు స్తంభాల ర్యాక్‌లో చేతుల్లా ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. కొన్ని ర్యాకుల్లో రాడ్ల బదులు మందపాటి నైలాన్ పట్టాలు కడతారు.

1. ముందు హుక్కుల ఎత్తు చూడండి. నిటారుగా నిలబడితే బార్ మీ చంకల ఎత్తులో, రొమ్ము పైభాగానికి ఎదురుగా ఉండాలి. మోకాళ్లు కొంచెం వంచి బార్ కిందికి దూరి, కాళ్లు చాపితే బార్ హుక్కుల్లోంచి 3–5 సెం.మీ. పైకి లేవాలి. మునివేళ్ల మీద నిలబడితే తప్ప బార్ బయటికి రావడం లేదంటే హుక్కులు ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు. తీసేటప్పుడు ఎలాగోలా వచ్చేస్తుంది. అలసిపోయి తిరిగి పెట్టేటప్పుడే ఒక వైపు హుక్కు అందుకుంటుంది, రెండో వైపు అందుకోదు.

2. ఖాళీ బార్‌తో మీరు దిగగలిగినంత కిందికి దిగి ఆగండి. మామూలుగా చేసే లోతు కాదు, అంతకంటే కింద. అలసిన రెప్‌లో (ఒకసారి దిగి లేవడం ఒక రెప్) నడుము ముందుకు వంగుతుంది, దాంతో బార్ ఇంకా కిందికి వస్తుంది. అందుకని ఒకసారి కావాలనే కొంచెం ముందుకు వంగి కూడా చూడండి. అద్దంలో చూసుకుంటే మెడ తిరుగుతుంది, లెక్క తప్పుతుంది. ఫోన్‌ని పక్కన పెట్టి వీడియో తీసుకోవడం మేలు.

3. మీ మామూలు లోతులో బార్ ఎక్కడుందో చూసి, దానికి 3–5 సెం.మీ. కింద, ఇందాక దిగిన అడుగు లోతుకి పైన రాడ్లు పెట్టండి. ఇంతకంటే పైన పెడితే మంచి రెప్‌లో కూడా బార్ రాడ్‌కి తగులుతుంది. రెండు వైపులా ఒకేసారి తగిలితే ఫర్వాలేదు. ఒక పక్క ముందు తగిలితే మాత్రం బరువంతా నడుముని మెలిపెడుతుంది. మరీ కింద పెడితే, లేవలేని స్థితిలో బార్ ఇంకా 10 సెం.మీ. దిగేదాకా మీరు ముడుచుకుపోవాల్సి వస్తుంది.

4. రెండు వైపులా ఒకే రంధ్రంలో ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. స్తంభం మీద అంకెలుంటే అంకె చూసుకోండి, లేకపోతే కింది నుంచి లెక్క. నాలుగు స్తంభాల ర్యాక్‌లో రాడ్ ముందు కొస ఒక రంధ్రంలో, వెనక కొస పై రంధ్రంలో పడిపోవడం మామూలే. బార్ దాని మీద పడితే దొర్లుకుంటూ పోతుంది.

5. ఇప్పుడు ఓడిపోవడం నేర్చుకోండి. ఖాళీ బార్‌తో అడుగుదాకా దిగి, లేవలేనట్టుగా, బార్‌ని రాడ్ల మీద ఆనించి కింద నుంచి ముందుకు బయటికి రండి. మూడు నాలుగు సార్లు చేశాక 40 కిలోలతో చేయండి. లేవలేని క్షణంలో ఒంటికి తోచేది ముందుకు వంగి ఎలాగైనా లాగేయడమే. నడుము దెబ్బతినేది అక్కడే. అంతకుముందు పదిసార్లు దిగిపోయి ఉంటే, దిగిపోవడమే అలవాటుగా వస్తుంది.

రెండు స్తంభాల ర్యాక్‌లో చేతుల పొడవు 50–60 సెం.మీ. ఉంటే, హుక్కుల నుంచి నాలుగైదు అడుగులు వెనక్కి నడిచినవాళ్లకి ఆ చేతులు ఉన్నా లేనట్టే. బార్ తీశాక రెండే అడుగులు, మూడోది పాదం సర్దుకోవడానికి. నైలాన్ పట్టాలైతే బరువు పడగానే కొన్ని సెంటీమీటర్లు కుంగుతాయి కాబట్టి, రాడ్లకంటే ఒక రంధ్రం పైన కట్టండి. ఇనుము మీద పడ్డట్టు బార్ ఎగరదు, బార్ గరుకు కూడా పాడవదు.

ర్యాక్ నేలకి బోల్టులతో బిగించి ఉందా లేదా అన్నది ముందే చూడాలి. హుక్కుల్లో బార్‌ని గట్టిగా తోసి చూడండి. స్తంభం అడుగు నేల మీద నుంచి లేస్తోందంటే, బరువు పెంచే ముందు బిగింపు అయినా చేయించాలి, లేదా వెనక కడ్డీల మీద భారీ ప్లేట్లు పేర్చి అయినా నిలపాలి.

బెంచ్ ప్రెస్: రెండు సెంటీమీటర్ల లెక్క

జిమ్‌లో అన్ని బరువుల్లోకీ బెంచ్ ప్రెస్‌నే, అంటే బెంచ్ మీద వెల్లకిలా పడుకుని బార్‌ని ఛాతీ మీంచి పైకి తోయడాన్నే, ఎక్కువ జాగ్రత్తగా చూడాలని మా అభిప్రాయం. మిగతా వాటిలో బార్ మీ ముందో, వెనకో, పక్కనో పడుతుంది. ఇందులో మాత్రం నేరుగా మీ మీదే పడుతుంది, అదీ మెడకు జానెడు దూరంలో.

అదృష్టవశాత్తూ రాడ్ల లెక్క ఇక్కడ ఒక చిన్న కిటుకు మీద నడుస్తుంది. బెంచ్ మీద సరిగ్గా పడుకుంటే భుజాల ఎముకలు వెనక్కి బిగించి, ఛాతీ పైకి ఎత్తి ఉంచుతారు. ఊపిరి వదిలి నడుము చదును చేస్తే ఛాతీ కొన్ని సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. ఆ తేడాలోనే రాడ్లు ఉండాలి.

1. బెంచ్‌ని ర్యాక్ నడుమ పెట్టండి. పడుకున్నప్పుడు కళ్లు బార్‌కి సరిగ్గా కింద, లేదా ఒక అంగుళం కాళ్ల వైపు ఉండాలి. తల మరీ వెనక్కి ఉంటే పైకి తోసేటప్పుడు బార్ హుక్కులకి కొట్టుకుంటుంది.
2. మీ మామూలు భంగిమలో ఖాళీ బార్‌ని ఛాతీకి ఆనించండి. రాడ్ల పైఅంచు బార్‌కి 1–2 సెం.మీ. కింద ఉండాలి.
3. ఊపిరి పూర్తిగా వదిలి ఛాతీ దించండి. బార్ రాడ్ల మీద కూర్చోవాలి, మీరు దాని కింద నుంచి జరిగి రాగలగాలి.
4. ఖాళీ బార్‌నే రాడ్ల మీద మెల్లగా గొంతు వైపు దొర్లించండి. గొంతుకీ బార్‌కీ మధ్య ఖాళీ కనిపించాలి. ఈ పరీక్షను చాలామంది వదిలేస్తారు. వదలకండి.

రంధ్రాల మధ్య 5 సెం.మీ. ఉన్న ర్యాక్‌లో ఇది కుదరకపోవచ్చు: ఒక రంధ్రం ఎక్కువ పైన, రెండోది పనికిరానంత కింద. అప్పుడు బెంచ్ రెండు కాళ్ల కిందా ఒకే మందం గట్టి రబ్బరు మ్యాట్ వేసి బెంచ్‌ని ఎత్తండి. అదీ కుదరకపోతే పై రంధ్రమే. రెప్ ఒక సెంటీమీటరు తగ్గితే వచ్చే నష్టమేమీ లేదు. కొన్ని ర్యాకుల్లో బెంచ్ ఎత్తు ఉండే చోట మాత్రం రంధ్రాలు 2.5 సెం.మీ. దూరంలో ఉంటాయి, ఈ ఇబ్బంది కోసమే.

రాడ్లూ లేవు, మనిషీ లేడు, మామూలు బెంచ్ మాత్రమే ఉంది అనుకుందాం. డంబెల్స్‌తో చేసుకోవడం అన్నిటికంటే మంచిది, అలసిపోతే పక్కలకి దించేయొచ్చు. బార్‌తోనే చేయాలంటే ఈ ఒక్క సందర్భంలో కాలర్లు (ప్లేట్లు జారకుండా బార్ కొసలకి బిగించేవి) పెట్టకండి. ఇరుక్కుపోతే బార్‌ని ఒక పక్కకి వంచి, ఆ వైపు ప్లేట్లు జారవిడవండి. వెంటనే రెండో వైపు బరువు బార్‌ని అటు లాగేస్తుంది, దానికి సిద్ధంగా ఉండండి, పక్కన ఎవరూ లేకుండా చూసుకోండి. రెండో దారి బార్‌ని పొట్ట మీదుగా తొడల దాకా దొర్లించి లేచి కూర్చోవడం. తక్కువ బరువుకైతే ఇది పనిచేస్తుంది. ఎక్కువ బరువుకి పొట్ట లోపలి భాగాలు నలుగుతాయి.

బొటనవేలు బార్ చుట్టూ తిప్పకుండా, మిగతా వేళ్ల వైపే పెట్టి పట్టుకునే అలవాటు కొందరికి ఉంటుంది. మణికట్టుకి హాయిగా ఉంటుందంటారు, నిజమే. బార్ అరచేతిలోంచి జారితే మాత్రం ఆపడానికి ఏమీ ఉండదు. బెంచ్ మీద అది వద్దు.

పట్టుకునే మనిషి

స్పాటర్ అంటే బార్ ఆగిపోతే అందుకోవడానికి దగ్గర నిలబడే మనిషి. స్పాటర్ ఉంటే చాలు అనుకోవద్దు, స్పాటర్‌కి ఏం చేయాలో తెలియాలి. సెట్ (ఆగకుండా వరసగా చేసే రెప్పులు) మొదలుకాకముందే మూడు మాటలు తేల్చుకోండి: ఎన్ని రెప్పులు చేయబోతున్నారు, బార్ తీసిచ్చేది ఎన్ని అంకెలు లెక్కపెట్టాక, ఏ మాట అంటే బార్‌ని అందుకోవాలి. "తీసుకో" అన్న మాట సరిపోతుంది. "ఊఁ" అనో, మూలుగుతోనో సైగ చేస్తే స్పాటర్‌కి అది శ్రమో, పిలుపో అర్థం కాదు.

బెంచ్‌కి స్పాటర్ తల వెనక నిలబడి, రెండు చేతులూ బార్ కింద, తాకకుండా ఉంచాలి. ఒక అరచేయి పైకి, ఒకటి కిందికి ఉండేలా పట్టుకుంటే పట్టు జారదు. బార్ ఆగిపోయి కిందికి దిగడం మొదలైతే, లేదా పిలిస్తే, అప్పుడే పట్టుకోవాలి. పట్టుకున్నాక హుక్కుల్లో పెట్టేదాకా వదలకూడదు. "ఇంకొక్కటి, నీదే, నీదే" అంటూ ప్రతి రెప్‌లో వేళ్లతో ఎత్తే స్పాటర్ మీ బలం ఎంతో మీకు తెలియకుండా చేస్తాడు.

స్క్వాట్‌కి ఒక్కరే ఉంటే వెనక నిలబడి, మీతోపాటే దిగి, చేతులు చంకల కింద నుంచి ఛాతీకి అడ్డంగా పెట్టి ఎత్తాలి. నడుము పట్టుకుని లాగడం, బార్‌ని ఒక వైపు పట్టుకోవడం రెండూ తప్పే. బరువు ఎక్కువైతే బార్ రెండు కొసల దగ్గర ఇద్దరు కావాలి, ఇద్దరూ ఒకే మాట మీద కదలాలి. ఒక కొసన ఒక్కరే ఉండటం కంటే ఎవరూ లేకపోవడం నయం.

డెడ్‌లిఫ్ట్‌కీ (నేల మీది బార్‌ని లేచి నిలబడేదాకా లాగడం), స్నాచ్ (నేల నుంచి ఒకే ఊపులో తల మీదికి), క్లీన్ (నేల నుంచి భుజాల మీదికి) లాంటి వాటికీ స్పాటర్ వద్దు. అక్కడ బార్‌ని వదిలేసి పక్కకి తప్పుకోవడమే రక్షణ. అందుకు రబ్బరు బంపర్ ప్లేట్లు, చుట్టూ ఖాళీ, 2.4 మీటర్ల చదరం వేదిక కావాలి. 5 కిలోల సన్న బంపర్లు మాత్రమే ఉన్న బార్‌ని పైనుంచి వదలకండి. అంత సన్నవి ఒరిగి వంగిపోతాయి.

ప్లేట్లు, కాలర్లు

బార్ చివర ప్లేట్లు ఎక్కే లావు భాగాన్ని స్లీవ్ అంటారు, దాని వ్యాసం 50 మి.మీ. దాని మీద ప్లేటు వదులుగానే ఉంటుంది. ప్రతి రెప్‌కీ కాస్త కాస్త జరుగుతుంది. డెడ్‌లిఫ్ట్‌లో నేలకి తగిలిన ప్రతిసారీ ఇంకా ఎక్కువ. ఒక పక్క ప్లేటు 5 సెం.మీ. బయటికి జరిగితే బరువు పెరగదు కానీ ఆ పక్క లాగుడు పెరుగుతుంది, బార్ మెలికపడుతుంది.

స్ప్రింగ్ కాలర్ కొత్తగా ఉన్నప్పుడు బాగా పట్టుకుంటుంది. వందల చేతుల్లో నలిగాక పట్టు పోతుంది. పెట్టాక చేత్తో ప్లేటుని గట్టిగా బయటికి లాగి చూడండి, స్ప్రింగ్ జరిగితే అది చెత్తబుట్టలోకి. ప్లాస్టిక్ మీట కాలర్లు త్వరగా పెట్టొచ్చు, పట్టు మెరుగు. లోపలి రబ్బరు పొర అరిగితే అవీ జారతాయి. పోటీల్లో వాడే ఇనుప కాలర్లు ఒక్కోటి 2.5 కిలోలు. వాటిని పెట్టుకుంటే మొత్తం బరువులో 5 కిలోలు కలుపుకోవాలని మరచిపోవద్దు. ఏ రకమైనా, పెట్టే ముందు ప్లేట్లన్నీ లోపలికి నెట్టి ఒకదానికొకటి ఆనించండి. ఖాళీ వదిలి కాలర్ పెడితే ఉపయోగం లేదు.

ఇక ప్లేట్లు ఎక్కించే, తీసే వరుస. బార్ ఒక్కసారిగా బోర్లా పడేది సెట్ మధ్యలో కంటే సెట్ అయిపోయాక, అందరూ నీళ్లు తాగుతూ ఉన్నప్పుడే ఎక్కువ. లెక్క చూడండి. పురుషుల ఒలింపిక్ బార్ 20 కిలోలు, పొడవు 2.2 మీటర్లు. ర్యాక్ హుక్కుల మధ్య దూరం 1.1 మీటర్లు అనుకుంటే, బార్ నడిమధ్య నుంచి ఒక్కో హుక్కు 55 సెం.మీ. దూరంలో ఉంటుంది. బార్‌ని నిలిపి ఉంచే బలం (బరువు × హుక్కు నుంచి దూరం) 20 × 55, అంటే 1100. మొదటి 20 కిలోల ఇనుప ప్లేటు హుక్కుకి సుమారు 16 సెం.మీ. బయట ఉంటుంది, రెండోది 20, మూడోది 24. రెండో వైపు ఖాళీ అయిపోయి ఈ వైపు రెండు ప్లేట్లుంటే పడేసే బలం 720, బార్ నిలబడుతుంది. మూడు ఉంటే 1200. బార్ లేచి పోతుంది, ఎదురుగా ఎవరున్నారో చూడదు.

రెండు ప్లేట్ల తేడా ఉన్నా నిలబడిందని అక్కడిదాకా వెళ్లకండి. మందపాటి బంపర్లు వాడినా, హుక్కులు దగ్గర దగ్గరగా ఉన్నా, బార్ 15 కిలోలదైనా, ఎవరి భుజమైనా తగిలినా లెక్క మారిపోతుంది. ఇటొకటి, అటొకటి: రెండు వైపుల మధ్య తేడా ఎప్పుడూ ఒక్క ప్లేటే. పెద్దవి లోపల, చిన్నవి బయట.

డెడ్‌లిఫ్ట్ గురించి ఒక మాట. 450 మి.మీ. వ్యాసం ప్లేట్లకి తగ్గట్టు బార్ నేల నుంచి 22.5 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. 5, 10 కిలోల చిన్న ఇనుప ప్లేట్లతో మొదలుపెట్టేవాళ్లకి బార్ ఇంకా కింద ఉంటుంది, దాన్ని అందుకోవడానికే నడుము గుండ్రంగా వంగుతుంది. ప్లేట్ల కింద రబ్బరు మ్యాట్లు సమంగా పేర్చి ఎత్తు సరిచేసుకోండి.

బెల్ట్

బెల్ట్ నడుముని బయట నుంచి మోస్తుందనేది అపోహ. అది గోడలాంటిది. మీరు ఊపిరి నింపి పొట్టని బయటికి తోస్తే, ఆ గోడకి ఆనుకుని పొట్ట లోపలి ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి వెన్నెముకని నిటారుగా నిలుపుతుంది. తోయడం రాకపోతే గోడ ఉన్నా లేకపోయినా ఒకటే. అందుకే బెల్ట్ కొనే ముందు బెల్ట్ లేకుండా పొట్ట బిగించడం రావాలి. పక్కటెముకల కింద రెండు వైపులా వేళ్లు పెట్టుకుని ఊపిరి తీసుకోండి. వేళ్లు ముందుకే కాదు, పక్కలకీ, వెనక్కీ కూడా నెట్టబడాలి. భుజాలు పైకి లేస్తే ఊపిరి ఛాతీలోనే ఆగిపోయినట్టు.

ఎలాంటిది కొనాలంటే: తోలుది, 10 మి.మీ. మందం, చుట్టూ ఒకే వెడల్పు. వెనక వెడల్పుగా, ముందు సన్నగా ఉండే రకం ముందు వైపు తోయడానికి ఏమీ ఇవ్వదు. అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య నిబంధనల్లో గరిష్ఠ వెడల్పు 10 సెం.మీ., మందం 13 మి.మీ. 13 మి.మీ.ది చాలా బిరుసు, పొట్టి మొండెం ఉన్నవాళ్లకి పక్కటెముకలకీ తుంటి ఎముకకీ మధ్య ఇరుకుతుంది, అలాంటివాళ్లు 7.5 సెం.మీ. వెడల్పుది చూడొచ్చు. నైలాన్, వెల్క్రో బెల్ట్ తేలికపాటి పనికి, స్నాచ్ లాంటి వేగపు ఎత్తులకి బాగానే ఉంటుంది. వెల్క్రో పాతబడితే సరిగ్గా ఎక్కువ బరువు దగ్గరే చర్రున ఊడుతుంది.

కొలత ప్యాంటు సైజుతో తీసుకోకండి. బెల్ట్ కట్టే చోట, బొడ్డు దగ్గర, పల్చటి బట్ట మీద టేపుతో కొలవండి. మధ్య రంధ్రానికి దగ్గరగా వచ్చే సైజు తీసుకుంటే ఒళ్లు తగ్గినా పెరిగినా సరిపోతుంది. ఒక ముల్లు బకిల్ చాలు; రెండు ముళ్లది పెట్టడం కష్టం, బలం ఎక్కువేమీ కాదు. మీట బెల్ట్ ఒక్క నొక్కుతో బిగుస్తుంది, ఒక్క లాగుతో ఊడుతుంది, కానీ సైజు మార్చాలంటే స్క్రూడ్రైవర్ కావాలి. ఆ స్క్రూలు మెల్లగా వదులవుతుంటాయి, నెలకోసారి బిగించండి.

కట్టే పద్ధతి:

1. పక్కటెముకల చివరకీ తుంటి ఎముకకీ మధ్య పెట్టండి. అడుగుదాకా దిగినప్పుడు రెండిటిలో దేనికి గుచ్చుకుంటే ఆ వైపు నుంచి కొంచెం జరపండి. డెడ్‌లిఫ్ట్‌కి చాలామందికి స్క్వాట్ కంటే కాస్త పైన కుదురుతుంది.
2. ఊపిరి వదిలి, పొట్ట వదులుగా ఉన్నప్పుడు బెల్ట్‌లోకి వేళ్లు దూరేంత బిగువు. ఊపిరి నిండుగా తీసుకోలేకపోతే ఒక రంధ్రం వదులు చేయండి. ఊపిరికి చోటు లేని బెల్ట్ గోడ కాదు, ఉరి.
3. నిలబడి ఉండగా ఊపిరి నింపండి, పొట్టని అన్ని వైపులా తోయండి, అప్పుడు దిగండి. కష్టమైన చోటు దాటాక ఊపిరి వదలండి.
4. సెట్ అవగానే విప్పేయండి.

వామప్ సెట్లకి బెల్ట్ వద్దు. మీ గరిష్ఠ బరువులో సుమారు 80 శాతం దాటినప్పటి నుంచి కట్టుకుంటే చాలు. ఊపిరి బిగబట్టి ఎత్తేటప్పుడు రక్తపోటు కాసేపు బాగా పెరుగుతుంది. అధిక రక్తపోటు, హెర్నియా, కంటి రెటీనా సమస్య, గర్భం ఉన్నవాళ్లు డాక్టరుని అడగకుండా ఈ పద్ధతి జోలికి పోకూడదు. నడుము నొప్పితో ఉన్న రోజు బెల్ట్ బిగించి అదే బరువు ఎత్తేయడం, పొగ గంట మోగుతుంటే దాని బ్యాటరీ తీసేయడం లాంటిది.

మణికట్టు పట్టీలు, లాగే పట్టీలు

ఈ రెండూ ఒకటే అనుకుని తికమకపడతారు. మణికట్టు పట్టీలు తోసేటప్పుడు కీలు వెనక్కి వంగకుండా ఆపుతాయి. లాగే పట్టీలు చేతి పట్టు జారకుండా బార్‌కి కట్టేస్తాయి.

మణికట్టు పట్టీని కీలు మీద చుట్టాలి: సగం అరచేతి మొదట్లో, సగం ముంజేతి మీద. ముంజేతి మీద గాజులా చుట్టుకుంటే అది అలంకారమే. 30 సెం.మీ. నుంచి 1 మీటరు దాకా దొరుకుతాయి, మామూలు సాధనకి 45–60 సెం.మీ. సరిపోతుంది. బొటనవేలి ఉచ్చు చుట్టడానికి మాత్రమే, ఎత్తే ముందు తీసేయండి. వేళ్లు తిమ్మిరెక్కినా, రంగు మారినా బిగువు ఎక్కువైంది. సెట్ల మధ్య వదులు చేయండి. పట్టీలు ఉన్నా మణికట్టు నొప్పిగా ఉంటే, బార్ వేళ్ల మొదళ్లలో ఉందేమో చూడండి. అది అరచేతి మడమలో, ముంజేతి ఎముకకి సరిగ్గా పైన కూర్చోవాలి.

లాగే పట్టీలో ఒక కొసన ఉచ్చు ఉంటుంది. రెండో కొసని దాంట్లోంచి లాగి మణికట్టుకి బిగించాక, తోక బొటనవేలి వైపు వేలాడాలి. వేళ్లు బార్‌ని పైనుంచి చుట్టుకుంటాయి, పట్టీ కింద నుంచి ఎదురు దిశలో చుట్టుకోవాలి. రెండు చుట్లు, తర్వాత బార్‌ని మీ వైపు తిప్పుతూ బిగించడం. ఎనిమిది అంకె ఆకారపు పట్టీలు ఇంకా గట్టివి, వాటిలోంచి చేయి వెంటనే రాదు. డెడ్‌లిఫ్ట్‌కి అది ఫర్వాలేదు. క్లీన్‌కి మాత్రం ఏ పట్టీ కూడా వద్దు: బార్ భుజాల మీదికి వచ్చే క్షణంలో మోచెయ్యి తొడకి తగిలితే చేయి వదలడం కుదరదు, మణికట్టు విరుగుతుంది.

ప్రతి సెట్‌కీ పట్టీ వాడితే చేతి పట్టు ఎదగదు. పట్టు ఆగిపోయే బరువు దాకా ఒట్టి చేతులు, ఆ పైన పట్టీ.

చాక్, గ్లవ్స్, బూట్లు

చాక్ అంటే మెగ్నీషియం కార్బొనేట్. చెమట పీల్చి పట్టునిస్తుంది. టాల్కం పౌడర్ చూడ్డానికి అలాగే ఉంటుంది కానీ సరిగ్గా వ్యతిరేకం, జారుస్తుంది. పోటీల్లో డెడ్‌లిఫ్ట్ చేసేవాళ్లు బార్ సాఫీగా జరగడానికి దాన్ని తొడలకి రాసుకుంటారు. పొరపాటున చేతులకి అంటితే బార్ చేతిలో నిలవదు. పొడి చాక్‌ని ఒప్పుకోని జిమ్‌లో ద్రవరూప చాక్ వాడొచ్చు. అందులో ఆల్కహాల్ ఉంటుంది, పూర్తిగా ఆరాకే బార్ పట్టుకోండి.

గ్లవ్స్ బార్‌ని లావు చేస్తాయి, పట్టు తగ్గుతుంది. అరచేతులు కాయలు కాయడం తప్పదు. కాయలు ఎత్తుగా పెరగకుండా స్నానం తర్వాత రాయితో అరగదీసుకుంటే చాలు; ఎత్తుగా ఉన్నవే చిరుగుతాయి.

బూట్ల విషయంలో ఒకటే నియమం: అడుగు మెత్తగా ఉండకూడదు. పరుగు బూట్ల నురుగు 100 కిలోల కింద ఒక పక్కకి నలుగుతుంది, మోకాలు దాని వెంటే లోపలికి పోతుంది. డెడ్‌లిఫ్ట్‌కి పల్చటి చదునైన అడుగు. స్క్వాట్‌లో మడమలు లేస్తుంటే సుమారు 2 సెం.మీ. గట్టి మడమ ఉన్న వెయిట్‌లిఫ్టింగ్ బూట్లు. మడమల కింద చిన్న ప్లేట్లు పెట్టుకోవడం తాత్కాలికంగా నడుస్తుంది కానీ అడుగు తీసి అడుగు వేసేటప్పుడు అవి ఎక్కడున్నాయో కనిపించవు.

మోకాలి తొడుగులు వెచ్చదనమిస్తాయి, కొంచెం ఒత్తిడినిస్తాయి. అంతే. 5 మి.మీ. మామూలు సాధనకి, 7 మి.మీ. భారీ స్క్వాట్‌కి. 2 మీటర్ల పొడవు చుట్టే మోకాలి పట్టీలు వేరే జాతి: అవి స్ప్రింగ్‌లా తిరిగి తోస్తాయి, మోకాలి చిప్పని గట్టిగా నొక్కుతాయి. పోటీకి సిద్ధమయ్యేవాళ్లకి తప్ప అవసరం లేదు.

మెషీన్లు

స్మిత్ మెషీన్‌లో (బార్ రెండు పట్టాల వెంట పైకీ కిందికీ మాత్రమే జరిగే మెషీన్) హుక్కు ఉందని ధైర్యంగా ఉంటారు. మణికట్టు తిప్పే ఓపిక కూడా లేనప్పుడు ఆ హుక్కు పడదు. కింద రెండు వైపులా జరిపే ఆపుళ్లు ఉంటాయి, బెంచ్ లెక్కలాగే వాటిని పెట్టుకోండి. లెగ్ ప్రెస్‌లో కూడా అలాంటివి ఉంటాయి. తుంటి సీటు నుంచి లేవడం మొదలయ్యే చోటుకి కొంచెం ముందే బరువు ఆగేలా వాటిని పెట్టండి. మోకాళ్లు పూర్తిగా వెనక్కి చాపి లాక్ చేయకండి.

వాడే ముందు తనిఖీ

బార్‌ని హుక్కుల్లో ఉంచి తిప్పండి. కొస గుండ్రంగా ఊగితే బార్ వంగింది, డెడ్‌లిఫ్ట్‌లో చేతిలో తిరుగుతుంది. స్లీవ్ కొసన బోల్టు ఉంటే వేళ్లతో తిరగకూడదు. ఒక స్లీవ్ తిరిగి, రెండోది తిరగకపోతే క్లీన్‌కి ఆ బార్ వద్దు.

హుక్కుల లోపలి ప్లాస్టిక్ పొర పగిలి ఇనుము బయటపడితే బార్ జారుతుంది. డంబెల్ తలని పట్టుకుని మెలితిప్పండి, కదిలితే పక్కన పెట్టి జిమ్ వాళ్లకి చెప్పండి. తల మీదికి ఎత్తినప్పుడు ఊడితే ముఖం మీదికే. కేబుల్‌ని కప్పి దగ్గరా, కొసన బిగించిన చోటా చూడాలి, తెగడం మొదలయ్యేది అక్కడే. ప్లాస్టిక్ పొర చిట్లి లోపలి తీగలు కనిపిస్తే ఆ మెషీన్ ఆ రోజుకి మూసేసినట్టే. రబ్బరు బ్యాండ్లని లాగి వెలుతురులో చూడండి. చిన్న పగుళ్లున్న బ్యాండ్ తెగితే కంటికే తగులుతుంది. ఎండలో వేలాడదీసినవి ముందుగా పాడవుతాయి.

నైలాన్ సేఫ్టీ పట్టాల కుట్లు, మడతల దగ్గర పోగులు లేచాయేమో వేలితో తడిమి చూడండి. కుట్టు ఒక్కచోట తెగినా ఆ పట్టాతోపాటు జతలోని రెండోదీ మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే బరువు పడ్డప్పుడు రెండూ సమంగా కుంగవు.